చిన్న రైలు నేర్పిన దూరం

(ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు పర్లాకిమిడిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, నేను మళ్లీ చదవను. 1839లో ఇదే ఆగస్టు 19న పారిస్‌లో ఫొటో తీసే డాగేర్ పద్ధతిని లోకానికి వెల్లడించారు, అందుకే ఈ రోజు. ఆ చరిత్ర మీద మాట్లాడమన్నారు, కాగితం కూడా రాసుకొచ్చాను. కానీ ఈ కెమెరా బల్ల మీద పెట్టాక వేరే సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందు మీకో పని. నాకూ, మొదటి వరసలో కూర్చున్న ఆ ఎర్ర లంగా పాపకూ మధ్య ఎంత దూరం ఉంది? ఫోన్లు తీయకండి. కంటితో చూసి ఎవరికి వారు ఒక అంకె మనసులో పెట్టుకోండి. చివర్లో అడుగుతాను.

ఇది ఒలింపస్ ట్రిప్ 35. 1967 నుంచి 1984 దాకా తయారుచేశారు. ఓడలో పనిచేసే మా మావయ్య సింగపూర్ నుంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. బ్యాటరీ అక్కర్లేదు. లెన్సు చుట్టూ ఉన్న ఈ బుడిపెల వెనక సెలీనియం అనే పదార్థం ఉంటుంది, దాని మీద పడ్డ వెలుతురుతోనే వెలుతురు కొలిచే మీటరు పనిచేస్తుంది, వెలుతురు చాలకపోతే లోపల ఎర్రజెండా లేచి బటన్ నొక్కనివ్వదు. అన్నీ అదే చూసుకుంటుంది, దూరం తప్ప. దూరం మనమే చెప్పాలి. రింగు మీద నాలుగు బొమ్మలున్నాయి. ఒక మనిషి అంటే 1 మీటరు, ఇద్దరైతే 1.5, గుంపైతే 3, కొండ బొమ్మ అంటే బాగా దూరం. తప్పు చెప్పినా కెమెరా ఏమీ అనదు. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో అంతా స్పష్టంగానే కనిపిస్తుంది. మసక అయిందని తెలిసేది ఫిల్ము కడిగాకే.

ఈ దూరం నేను నేర్చుకున్నది మన చిన్న రైలు దగ్గర. 1900లో నౌపడా నుంచి మన ఊరికి వచ్చిన రైలు, 1931లో గుణుపురం దాకా పోయిన రైలు. దాని పట్టాల మధ్య ఎడం 2 అడుగుల 6 అంగుళాలు. రెండు ఎడాలు కలిపితే 5 అడుగులు, అంటే దాదాపు మీటరున్నర, ఇద్దరి బొమ్మ. నాలుగు ఎడాలు 10 అడుగులు, గుంపు బొమ్మ. రోజూ దాటే పట్టాలే కదా, కళ్లు మూసుకున్నా ఆ ఎడం కనపడేది. పెళ్లి పందిట్లో నిలబడ్డా, సంతలో నిలబడ్డా ఎదుటి మనిషికీ నాకూ మధ్య మనసులోనే పట్టాలు పరిచి లెక్కపెట్టుకునేవాణ్ణి. మా అమ్మ పూలమాల మూరల్లో, నూతి తాడు బారల్లో కొలిచేది చూడండి, అలాగే.

అమ్మ అన్నాను కాబట్టి ఇక అదే చెబుతాను.

ఒక రోజు పొద్దున్న స్టేషన్‌లో రైలు కిటికీల్లో పిల్లల్ని తీశాను. రింగు గుంపు బొమ్మ దగ్గర ఉంది. మంచి ఎండ. ఎండలో లెన్సు లోపలి రంధ్రం బాగా మూసుకుంటుంది కాబట్టి, 3 మీటర్ల దగ్గర పెడితే మీటరున్నర నుంచి వెనకున్న చెట్ల దాకా అంతా తేటగా వస్తుంది. సాయంత్రం ఇంటికొస్తే వసారాలో కూర్చుని ఉంది అమ్మ. ఎప్పుడూ ఫొటో అంటే లేచి లోపలికి పోయే మనిషి, ఆ రోజు తనే "బాబూ, నన్నొకటి తియ్యవా" అంది. నేను దగ్గరికి, ఒక మీటరు దూరానికి వెళ్లి నొక్కేశాను. వ్యూఫైండర్ కింద చిన్న కిటికీలో గుంపు బొమ్మ కనపడుతూనే ఉంటుంది. చూడలేదు. ఆ చీకటి వసారాలో రంధ్రం పూర్తిగా తెరుచుకుంటుంది, రెండున్నర నుంచి మూడున్నర మీటర్ల మధ్య ఉన్నదే తేటగా పడుతుంది.

బరంపురంలో ఒక ల్యాబ్‌కి ఇచ్చాను. 36కి 35 ప్రింట్లు వచ్చాయి. అమ్మది లేదు. అడిగితే "అది ఫోకస్ లేదు, వేయలేదు" అన్నాడు. డబ్బు నేనిస్తున్నప్పుడు, ఆ ముఖం ఎవరిదో తెలియనప్పుడు, వేయాలో వద్దో అతనెలా తేలుస్తాడు? ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం పోలేదు. నెగెటివ్ దాచుకున్నాను. ఆ మరుసటి ఏడు అమ్మ పోయింది. చాలా కాలానికి వేరే చోట ప్రింటు వేయించాను. ఇదిగో, చూసి పక్కవాళ్లకి ఇవ్వండి. వెనక గడప మీద అమ్మ పొద్దున్నే పెట్టిన పసుపు బొట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ముందున్న ముఖం మాత్రం మసక.

2004లో చిన్న రైలు ఆగిపోయింది. ఇప్పుడు మన ఊళ్లో ఉన్న పట్టాల ఎడం 5 అడుగుల 6 అంగుళాలు. రైలు పెద్దది కావాల్సిందే, నాకు బాధ లేదు. కానీ పిల్లలూ, మీకు తెలిసిన దూరం ఏదో ఒకటి ఉండాలి. మీ ఇంటి గుమ్మం వెడల్పు తీసుకోండి, మంచం పొడవు తీసుకోండి, ఒకసారి టేపుతో కొలిచి కంట్లో పెట్టుకోండి. అమ్మ దగ్గరికి వెళ్లేముందు రింగు తిప్పండి, ఆ తర్వాత కెమెరా ఎత్తండి. అప్పుడు దూరం గురించి టెన్షన్ ఉండదు, మీరు చూడాల్సింది ఆవిడ ముఖమే.

సరే, ఇందాకటి అంకె మర్చిపోలేదుగా. నేను నాలుగు ఎడాల మీద ఇంకొక ఎడం అనుకుంటున్నాను. పాపా, ఈ టేపు చివర పట్టుకో అమ్మా. కదలకు.