బడి కిక్కిరిస్తే పిల్లల్ని పంపేయకండి, సెక్షన్ అడగండి

అందరికీ నమస్కారం. ఈ రోజు మన గోదావరి జిల్లాల హైస్కూళ్ల గురించి మాట్లాడుకుందాం. ఏడో తరగతి ఒకే గదిలో 70 మంది ఉన్నారనుకోండి. పీరియడ్ 45 నిమిషాలు. టీచరు ఇంకేమీ చెప్పకుండా ఒక్కో పిల్లాడి దగ్గరికీ వెళ్లి పలకరించినా, ఒక్కొక్కరికి 40 సెకన్లు కూడా రావు. ఇక నోటు పుస్తకాలు దిద్దేదెప్పుడు? వెనక బెంచీలో ఉన్న పిల్లకి లెక్క అర్థం కాలేదని ఎవరికి తెలుస్తుంది?

ఇలాంటి బడి గురించి ఊళ్లో నలుగురు కూర్చుంటే మొదట వచ్చే మాట, “ఇక అడ్మిషన్లు ఆపేయండి” అని. ఈ మాట నేను ఒప్పుకోను. ఆపేస్తే ఆగిపోయేది ఎవరు? చేపల చెరువుల మీద కాపలాకి వేరే జిల్లాల నుంచి వచ్చిన వాళ్ల పిల్లలు. అమ్మ గల్ఫ్ వెళ్తే అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలు. చేతిలో కాగితాలు సరిగ్గా లేనివాళ్లు. 2009 విద్యాహక్కు చట్టం ఈ పిల్లల కోసమే గట్టిగా చెప్పింది. వయసు ధ్రువపత్రం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు, సంవత్సరం మధ్యలో వచ్చినా కాదనకూడదు. బడి నిండిపోయిందన్న కోపం ఆ పిల్లల మీద చూపించడం అన్యాయం.

రెండో మాట, పొద్దున సగం మందికి, మధ్యాహ్నం సగం మందికి బడి పెట్టమని. గదులు సరిపోతాయి, నిజమే. మరి చదువు? అదే చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఏడాదికి 220 పనిదినాలు, 1000 గంటల బోధన ఉండాలి. రోజుకి నాలుగున్నర గంటల పైమాటే. పూటలు విడగొడితే ముందు తెగేది ఆ గంటలే. పైగా ఇద్దరూ కూలికి వెళ్లే ఇంట్లో, మిగిలిన పూట ఆ పిల్లని కనిపెట్టుకుని ఉండేదెవరు?

అసలు ఈ రద్దీ కొన్ని చోట్ల ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 2022లో జీవో 117 ప్రకారం ఎలిమెంటరీ బడుల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపున్న హైస్కూళ్లకి కలిపారు. డెల్టాలో కిలోమీటరు అంటే ఏమిటో ఇక్కడ పుట్టిన వాళ్లకి తెలుసు. బడి కాలువ అవతలే కనిపిస్తుంది, వంతెన మాత్రం ఎక్కడో ఉంటుంది. హైస్కూల్లో గదులు పెరగలేదు, పిల్లలు పెరిగారు. ఇటు ఎలిమెంటరీ బడిలో ఒకటీ రెండూ తరగతులు మిగిలాయి, గదులు ఖాళీ అయ్యాయి. 2025లో ఆ జీవో రద్దయింది, తరగతికో టీచరు లెక్కన మోడల్ ప్రైమరీ స్కూళ్లు అన్నారు. మంచిదే. కానీ ఒకసారి చెదిరిన బడి ఉత్తర్వుతోనే సర్దుకోదు. ఊరు పట్టించుకోవాలి.

అందుకే నేనంటాను, మొదట గది అడగొద్దు, సెక్షన్ అడగండి. ఒకటి నుంచి ఐదు వరకు 30 మందికి, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒక టీచరు ఉండాలని చట్టంలోనే ఉంది. అంటే 70 మంది ఉన్న ఏడో తరగతి రెండు సెక్షన్లు కావాలి. గది కట్టడానికి మన దగ్గర ఏళ్లు పడుతుంది. స్థలం దొరకదు, దొరికినా పల్లం, మెరక తోలించాలి. నల్లమట్టిలో పునాదికే బోలెడు ఖర్చు. టీచరు పోస్టు అలా కాదు, పిల్లల లెక్క రుజువైతే వస్తుంది. ఆ లెక్క ప్రభుత్వం బడుల వివరాలు ఎక్కించే యూడైస్‌లో సరిగ్గా ఎక్కిందా లేదా అన్నది తల్లిదండ్రులు అడిగి చూడాలి. గది వచ్చేదాకా రెండో సెక్షన్ పక్కనున్న ఎలిమెంటరీ బడి ఖాళీ గదుల్లో కూర్చోవచ్చు. ఇద్దరు హెచ్‌ఎంలు, ఒక ఎంఈఓ (మండల విద్యాధికారి) కూర్చుని మాట్లాడితే తేలే విషయం ఇది.

అడిగే అధికారం మీకుంది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చాలా ఊళ్లలో కమిటీ ఎన్నిక రోజు హడావిడి, తర్వాత సంతకాలకి పిలవడం, అంతే. కానీ చట్టంలో 22వ సెక్షన్ చదవండి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఈ కమిటీయే, ప్రభుత్వం ఇచ్చే నిధులకి ఆ ప్రణాళికే ఆధారం కావాలి. వచ్చే మూడేళ్లలో ఏ తరగతికి ఎంతమంది వస్తారో రాయండి. అంగన్‌వాడీలో కూర్చున్న పిల్లల పేర్లు చూస్తే సగం లెక్క అక్కడే దొరుకుతుంది.

దాతల గురించి ఒక మాట. మన జిల్లాల్లో ఇచ్చే చేతులకి లోటు లేదు. 1874లోనే కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారంటే, ఈ నేల మీద చదువు కోసం ముందుకు రావడం కొత్త కాదు. అమెరికా నుంచి వచ్చిన పెద్దలు ఊరి మొదట్లో ఆర్చీ కట్టిస్తామంటే, దణ్ణం పెట్టి బడిలో ఆడపిల్లలకి మరుగుదొడ్లు అడగండి. పిల్లలు ఎక్కువైన బడిలో ముందు చాలకుండా పోయేవి అవే. మంచినీళ్లు మానేసి సాయంత్రం దాకా ఓర్చుకునే ఆడపిల్లలు ఉన్నారు, ఇది తల్లులందరికీ తెలుసు.

ఇంకోటి, వరదలు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటప్పుడు మెరక మీదున్న బడి పునరావాస కేంద్రం అవుతుంది, లంక గ్రామాల పిల్లలకి బడి ఉండదు. కాబట్టి ప్రణాళికలో కొత్త గదులు రాసేటప్పుడు మేడ మీద గది అని రాయండి. కింద జనం తలదాచుకున్నా పైన పాఠం నడవాలి.

రాసిన కాగితం కమిటీ తీర్మానంతో ఎంఈఓ ఆఫీసులో ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఊరుకుంటే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ఆ కాపీ పట్టుకుని తల్లులు పదిమంది కలిసి వెళ్లండి. తరగతి వారీగా పిల్లల సంఖ్య, ఇప్పుడున్న సెక్షన్లు, కావాల్సిన సెక్షన్లు, ఈ మూడూ మొదటి పేజీలోనే ఉండేలా చూసుకోండి.