కారు ప్రమాదం తర్వాత మెడనొప్పి, చేతి తిమ్మిరి: ముందు మీ వేళ్లను చూడండి

నమస్కారం. వెనక నుంచి ఎవరో మీ కారును గుద్దారు. ఎక్స్‌రేలో ఎముకలు బాగున్నాయని చెప్పి ఇంటికి పంపేశారు. మర్నాటికి మెడ పట్టేసింది. నాలుగు రోజులు పోయాక చెయ్యి కూడా తిమ్మిరెక్కుతోంది. ఈ వీడియో అలాంటివారి కోసం.

ప్రమాదం ఇప్పుడే జరిగి, మెడ నొప్పిగా ఉండి చేతులో కాళ్లో తిమ్మిరెక్కుతుంటే మాత్రం వీడియో ఆపేయండి. తల కదపకుండా 108కి ఫోను చేయించండి. కెనడా వైద్యులు 2001లో ప్రకటించిన నియమం ప్రకారం, మెడకు దెబ్బ తగిలాక కాళ్లూ చేతుల్లో తిమ్మిరి ఉన్నా, వయసు 65 నిండినా మెడ ఎముకలకు ఎక్స్‌రేనో స్కానో తీయాల్సిందే. నేను చూపించబోయేవన్నీ ఆ మొదటి పరీక్ష అయిపోయినవారికే.

వెనక నుంచి గుద్దినప్పుడు సీటు మన మొండేన్ని ముందుకు నెడుతుంది, తల ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ వెంటనే తల ముందుకు విసురుగా వస్తుంది. ఇదంతా అర సెకను లోపే అయిపోతుంది, కండరాలు బిగుసుకుని మెడను కాపాడే వ్యవధి ఉండదు. వాపు మెల్లగా పెరుగుతుంది కాబట్టి నొప్పి చాలామందికి మర్నాడే తెలుస్తుంది. రోడ్డు మీద నిలబడి "నాకేమీ కాలేదండీ" అన్నవారు అబద్ధం చెప్పలేదు, అప్పటికి వారికి నిజంగానే ఏమీ తెలియలేదు.

ఇక తిమ్మిరి సంగతి. మెడలో 7 పూసలు, వాటి పై నుంచీ కింద నుంచీ బయటికొచ్చే 8 జతల నరాలు ఉంటాయి. వీటిని పై నుంచి లెక్కపెడతారు, కిందివి చేతుల వైపు దిగుతాయి. పూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్కు ఉబ్బి ఒక నరాన్ని మొదట్లోనే నొక్కితే, నొక్కింది మెడలోనే అయినా తెలిసేది వేళ్లలో. అందుకే చేతికి ఎంత నూనె రాసి మర్దన చేసినా ఫలితం కనిపించదు.

నా చెయ్యి చూడండి. బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారితే సాధారణంగా ఆరో నరం. మధ్యవేలైతే ఏడోది. చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలు అయితే ఎనిమిదోది. మనుషుల మధ్య కొంత తేడా ఉంటుంది, అయినా డాక్టరుకు ఇది చాలా పనికొచ్చే సమాచారం. "చెయ్యంతా లాగుతోంది" అనకుండా ఫలానా వేలు, ఫలానా వైపు అని చెప్పండి. ఇంకో గుర్తు: చెయ్యి ఎత్తి అరచేతిని ఇలా నడినెత్తిన పెట్టుకుంటే హాయిగా ఉందా? అయితే నొక్కు మెడలోనే ఉండే అవకాశం ఎక్కువ. అదే తిమ్మిరి రాత్రిళ్లు నిద్ర లేపి, చెయ్యి విదిలిస్తే తగ్గిపోతుంటే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుందేమో చూడమని అడగండి.

నొప్పి కన్నా, తిమ్మిరి కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది బలం తగ్గడం. ఇంట్లో ఒకరిని పిలిచి, వారి రెండు వేళ్లను మీ కుడి పిడికిలితో, తర్వాత ఎడమ పిడికిలితో గట్టిగా పట్టుకోండి. మోచెయ్యి మడిచి, వారు ఆపుతుండగా మెల్లగా చాచండి. రెండు వైపులా దాదాపు ఒకే బలం ఉండాలి. ఇప్పుడు పిడికిలి మూసి, వేళ్లు పూర్తిగా చాచి, మళ్లీ మూయండి, ఇలా వేగంగా. 10 సెకన్లలో 20 సార్లు చేయగలగాలి. చేయలేకపోతే, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైతే, గ్లాసు చేతిలోంచి జారిపోతుంటే, నడక తూలుతుంటే, మూత్రం అదుపు తప్పితే, ఆ నొక్కు నరంతో ఆగక వెన్నుపాము దాకా వెళ్లి ఉండవచ్చు. అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

సెలూన్‌లో క్షవరం అయ్యాక మెడ విరిపించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. దయచేసి ఇప్పుడు వద్దు. దెబ్బ తిన్న డిస్కు ఉన్న మెడను ఒక్క విసురుతో తిప్పితే నరం మరింత నలిగిపోవచ్చు, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చిరిగే ప్రమాదమూ ఉంది. బలానికని బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు వేయించుకున్నా నరం మీది నొక్కు పోదు.

మెడకు పెట్టే కాలరు పట్టీ విషయంలోనూ జాగ్రత్త. డాక్టరు పెట్టమన్నన్ని రోజులు పెట్టుకోండి. ఎముక విరగనప్పుడు వారాల తరబడి తగిలించుకుంటే కండరాలు బలహీనపడి నొప్పి తిష్ఠ వేస్తుంది. నొప్పి పెరగనంత మేరకే మెడను మెల్లగా కుడికి, ఎడమకు తిప్పుతూ ఉండండి. గడ్డాన్ని ఇలా నేరుగా వెనక్కి తీసుకోండి, కిందికి వంచకండి. చేస్తున్నప్పుడు తిమ్మిరి వేళ్ల చివరల వైపు జారుతుంటే ఆపేయండి, మెడ వైపు వెనక్కి వస్తుంటే మంచి గుర్తు. బోర్లా పడుకోకండి. ఫోను ఒళ్లో పెట్టుకుని చూడకండి.

ఎక్స్‌రే ఎముకల్నే చూపిస్తుంది. డిస్కు, నరం కనిపించాలంటే ఎంఆర్‌ఐ కావాలి. బలం తగ్గుతున్నా, కొన్ని వారాల మందులు, ఫిజియోథెరపీ తర్వాత కూడా గుణం కనిపించకపోయినా డాక్టర్లు అది రాస్తారు. నరాల పనితీరు పరీక్షను దెబ్బ తగిలిన మూడు వారాల లోపు చేస్తే మార్పులు సరిగా బయటపడకపోవచ్చు, తొందరపడకండి. డిస్కు నొక్కిన నరం చాలామందిలో ఆపరేషన్ లేకుండానే 6 నుంచి 12 వారాల్లో కుదుటపడుతుంది.

చివరిగా, తిమ్మిరి మొదలైన రోజే డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోండి: ప్రమాదం జరిగిన తేదీ, తిమ్మిరి మొదలైన తేదీ, ఏ వేలు, ఏ వైపు. బీమా పరిహారం అడగాల్సి వస్తే ప్రమాదానికీ తిమ్మిరికీ సంబంధం చూపించేది ఆ నాలుగు వివరాలే. చీటీ అసలు మీ దగ్గరే ఉంచుకోండి, బీమా కంపెనీకి నకలు ఇవ్వండి.