కల్చర్ పాజిటివ్ వస్తే మందు మింగాల్సిందేనా?

పెద్దలందరికీ నమస్కారం.

మన హైదరాబాద్‌లో అమ్మానాన్నలకు హెల్త్ చెకప్ బుక్ చేయడం ఇప్పుడు పిల్లలకు అలవాటైంది. పొద్దున్నే కుర్రాడొచ్చి రక్తం, మూత్రం తీసుకెళ్తాడు. రెండ్రోజులకు ఫోన్లో మూత్రం కల్చర్ (మూత్రంలోని సూక్ష్మజీవుల్ని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) రిపోర్టు: ఈ-కోలి అనే బ్యాక్టీరియా, మిల్లీలీటరుకు లక్షకు పైగా కాలనీలు, అంటే సూక్ష్మజీవుల గుంపులు. మంట లేదు, జ్వరం లేదు, మాటిమాటికీ లేవాల్సిన పని లేదు. అయినా యాంటీబయోటిక్ చీటీ చేతికొస్తుంది.

మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసి రిటైరైనదాన్ని. ఆ లక్ష అంకె మమ్మల్ని దాటే బయటికొస్తుంది కాబట్టి దాని సంగతి చెప్పాలి. 1950లలో ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికా వైద్యుడు గీసిన గీత అది. సూక్ష్మజీవులు నిజంగా మూత్రాశయంలోవా, పట్టేటప్పుడు చర్మం మీంచి కలిసినవా అని తేల్చుకోవడానికి. మనిషికి జబ్బుందని ఆ అంకె చెప్పదు. పైగా మే నెల ఎండలో శాంపిల్ బండి మీద ఉప్పల్ నుంచి మియాపూర్ దాకా తిరిగిందనుకోండి, ఐసు పెట్టకపోతే దారిలోనే సూక్ష్మజీవులు రెట్టింపు మీద రెట్టింపవుతాయి. ఆ శాంపిల్ మీద వచ్చిన అంకెను నేనైతే నమ్మను.

షుగరుంది కదా, మందు వేయకపోతే ఎలా అంటారు. కెనడాలో షుగరున్న ఆడవాళ్లను మందు వేసి, వేయకుండా పోల్చి చూశారు. లక్షణాలు లేనివాళ్లకు మందు వేసినా ఇబ్బందులేమీ తగ్గలేదని 2002లో తేలింది. నష్టం మాత్రం ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్‌లు అరవై దాటినవాళ్లలో పిక్క కండరాన్ని మడమకు కట్టి ఉంచే పట్టీని (టెండన్) తెంపగలవు. గ్లిమిపిరైడ్ అనే షుగరు బిళ్ల వేసుకునేవాళ్లు వీటిని కూడా వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇన్ని చూశాక, ఏ బాధా లేని మనిషికి ఆ బిళ్ల ఇవ్వడం నాకు మనసొప్పదు.

కానీ ఇది అందరికీ వర్తించదమ్మా. గర్భిణులకు లక్షణాలు లేకున్నా మందు తప్పనిసరి, వదిలేస్తే కిడ్నీకి పాకే ప్రమాదం ఉంది. ప్రోస్టేట్ ఆపరేషన్ లాంటివాటికి ముందు కూడా అంతే. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి వస్తే ఈ మాటలన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మిగతావాళ్లు డాక్టరు గారిని మర్యాదగానే అడగండి: "సార్, నాకేం బాధా లేదు. ఏ లక్షణానికి ఈ మందు? వేసుకోకపోతే ఏమవుతుంది?" అడిగితే ఏమనుకుంటారోనని నోరు మూసుకుని వచ్చేస్తాం. మంచి డాక్టరుకు ఈ ప్రశ్న కోపం తెప్పించదు, కొందరు చీటీలోంచి ఆ మందును కొట్టేస్తారు కూడా. కసురుకుంటే రిపోర్టు పట్టుకుని మరో ఫిజీషియన్‌కు చూపించండి. ఏ లక్షణమూ లేనప్పుడు ఆ రెండ్రోజులు ఆగినా ఫర్వాలేదు.