అప్పు ఎవరిస్తారు, సరుకు ఎవరిస్తారు

అందరికీ నమస్కారమండి. వీకెండ్ పూట పిల్లల క్లాసులు, గ్రోసరీలు అన్నీ పక్కన పెట్టి వచ్చారు, థాంక్స్. నన్ను పిలిచిన అమ్మాయి ఏమందంటే, అక్కా మన ఆడవాళ్ళు చాలామంది ఇంట్లో పచ్చళ్ళు, చీరలు, బ్లౌజులు అంటూ బిజినెస్‌లు మొదలుపెట్టారు కదా, వాళ్ళకి నల్లజాతి ఆడవాళ్ళ సక్సెస్ స్టోరీలు నాలుగు చెప్పు, ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలి అంది. సరే అన్నాను గానీ ఇన్‌స్పైర్ చెయ్యడం నాకు రాదు. నేను లెక్కలు రాసేదాన్ని. ఇక్కడ అట్లాంటా చుట్టుపక్కల చిన్న షాపులకి బుక్‌కీపింగ్ చేస్తాను, నా క్లయింట్లలో ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్ళే, సెలూన్లు, డేకేర్లు, కేటరింగ్‌లు. ఇన్నేళ్ళుగా వాళ్ళ పుస్తకాలు చూసి నాకు అర్థమైంది ఒకటే: పట్టుదల అనేది వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు, అది కావాల్సినదానికంటే ఎక్కువే ఉంది, కష్టమంతా రెండు చోట్ల, అప్పు ఎవరిస్తారు, సరుకు ఎవరిస్తారు. ఈ రోజు నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మేడమ్ సీ.జే. వాకర్ పేరు మీలో చాలామంది వినుంటారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. అసలు పేరు సారా బ్రీడ్‌లవ్, 1867లో లూసియానాలో పుట్టింది, అమ్మానాన్నలు బానిసలుగా బతికినవాళ్ళు, ఏడేళ్ళకే ఇద్దరూ పోయారు, పద్నాలుగేళ్ళకి పెళ్ళి, ఇరవయ్యేళ్ళకి భర్త పోయాడు, చేతిలో కూతురు. ఏళ్ళ తరబడి సెయింట్ లూయిస్‌లో బట్టలు ఉతికింది. జుట్టు రాలిపోతుంటే ఏవేవో వాడి చూసి, యానీ మలోన్ అనే ఇంకో నల్లజాతి వ్యాపారి దగ్గర సరుకు తీసుకుని అమ్మి, తర్వాత సొంతంగా తలనూనెల వ్యాపారం పెట్టుకుంది. (ఈ యానీ మలోన్‌ని ఎవరూ తలుచుకోరు, ఆమె కూడా కోట్లు సంపాదించిన మనిషే, నాకైతే ఆమెకి అన్యాయం జరిగిందనే అనిపిస్తుంది.) 1912లో షికాగోలో నల్లజాతి వ్యాపారుల మహాసభ జరిగితే, దాన్ని నడిపే పెద్ద నల్లజాతి నాయకుడు బుకర్ టీ. వాషింగ్టన్ ఆమెకి మాట్లాడే ఛాన్స్ ఇవ్వలేదు, మగవాళ్ళందరూ మాట్లాడుతున్నారు, చివరికి ఆమే లేచి నిలబడి నేను పత్తి చేలల్లోంచి వచ్చాను, అక్కణ్ణుంచి బట్టలుతికే తొట్టి దగ్గరికి, వంటింటికి, అక్కణ్ణుంచి నన్ను నేనే ప్రమోట్ చేసుకున్నాను, నా స్థలంలో నా ఫ్యాక్టరీ కట్టుకున్నాను అని చెప్పేసింది. మరుసటి ఏడాది ఆయనే పిలిచి స్పీచ్ ఇప్పించాడు.

ఈ సీన్ అందరికీ నచ్చుతుంది, రీల్స్‌లో కూడా తిరుగుతుంది. కానీ నా దృష్టిలో అసలు విషయం ఆమె దగ్గర పనిచేసిన వేలమంది ఏజెంట్లది. వాళ్ళలో చాలామంది అంతకుముందు తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పాచిపనో వంటో చేసినవాళ్ళు, ఇంకో ఉద్యోగం ఇచ్చేవాడు లేడు, వీళ్ళకి కమీషన్ మీద సొంత డబ్బు చేతికొచ్చింది. 1917లో ఫిలడెల్ఫియాలో వీళ్ళందరూ మీటింగ్ పెట్టుకున్నారు, అమ్మకాల గురించి మాట్లాడుకుని ఊరుకోకుండా, మూకలు నల్లవాళ్ళని ఉరితీస్తుంటే చట్టం ఎందుకు చెయ్యవు అని ప్రెసిడెంట్ విల్సన్‌కి టెలిగ్రామ్ కొట్టారు. తలనూనె అమ్ముకునేవాళ్ళు! ఆ చట్టం ఎప్పుడొచ్చిందో తెలుసా, 2022లో.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మనిషి దగ్గరికొస్తాను, మ్యాగీ లీనా వాకర్. ఆ వాకర్‌కీ ఈ వాకర్‌కీ చుట్టరికం ఏమీ లేదు. ఈమెది వర్జీనియాలో రిచ్‌మండ్, వాళ్ళమ్మ కూడా బట్టలు ఉతికేది. అక్కడ సెయింట్ లూక్ అని ఒక సంఘం ఉండేది, జబ్బు చేస్తే సాయం, చనిపోతే దహనం ఖర్చు... సారీ, వాళ్ళకి సమాధి ఖర్చు, దానికోసం నెలనెలా తలా కొంచెం కట్టుకునే సంఘం. 1899లో ఈమె చేతికి వచ్చేసరికి డబ్బాలో ఉన్నది 31 డాలర్ల 61 సెంట్లు, అప్పులు వందల్లో. అక్కణ్ణుంచి నాలుగేళ్ళలో, 1903లో, సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంక్ తెరిచింది. అమెరికాలో బ్యాంక్ చార్టర్, అంటే బ్యాంక్ పెట్టడానికి ప్రభుత్వ అనుమతి, తీసుకున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. డిపాజిట్ చేసింది ఎవరంటే చాకలి పని చేసేవాళ్ళు, పొగాకు ఫ్యాక్టరీ కూలీలు, పావలా అర్ధా తెచ్చి వేసేవాళ్ళు. ఆ డబ్బే మళ్ళీ వాళ్ళకి ఇంటి లోన్లుగా వెళ్ళింది, ఎందుకంటే వేరే బ్యాంకులు ఇవ్వవు కాబట్టి.

అప్పు సంగతి అలా తేల్చుకుంది, మరి సరుకు? 1905లో ఊరి మధ్యలో సెయింట్ లూక్ ఎంపోరియం అని పెద్ద బట్టల షాపు పెట్టింది, కౌంటర్లలో నల్లజాతి అమ్మాయిలు, వెనక గుమ్మంలోంచి రమ్మనకుండా మర్యాదగా ట్రై చేసుకుని కొనుక్కునే చోటు. తెల్ల వ్యాపారులు అంతా కలిసి కూర్చున్నారు, హోల్‌సేలర్లకి కబురు పెట్టారు, వాళ్ళకి సరుకు వేస్తే మాతో వ్యాపారం ఉండదు అని. ఇంకో బాధ ఏంటంటే మనవాళ్ళే మన షాపుకి రావట్లేదు అని ఆమె సభల్లో గట్టిగానే తిట్టేది. 1911లో ఎంపోరియం మూసేశారు. బ్యాంక్ మాత్రం 1930లో వేరే రెండు బ్యాంకులతో కలిసిపోయి, ఆ మహా మాంద్యాన్ని కూడా దాటేసింది.

సరుకు అన్నాను కదా, ఇక్కడ మన తిరుమల వస్తుంది. నవ్వకండి, నిజమే. మనం కల్యాణకట్టలో ఇచ్చే తలనీలాలు వేలం వేస్తారు, టీటీడీకి ఏటా వంద కోట్లు దాటే ఆదాయం అది, ఆ జుట్టు విగ్గులై ఎక్స్‌టెన్షన్లై తిరిగి తిరిగి వచ్చే పెద్ద మార్కెట్లలో ఒకటి ఈ దేశపు నల్లజాతి ఆడవాళ్ళు. కొనేది వాళ్ళు, కానీ అమ్మే షాపుల్లో ఎక్కువ భాగం కొరియన్లవి. 1960ల్లో కొరియా విగ్గుల ఎగుమతి మొదలుపెట్టింది, అదే టైంలో చైనా జుట్టుని అమెరికా బ్యాన్ చేసింది, ఇక్కడికి వచ్చిన కొరియన్లు నల్లవాళ్ళ పేటల్లో షాపులు పెట్టారు, హోల్‌సేల్ కూడా వాళ్ళ చేతుల్లోకే వెళ్ళింది. మా వాళ్ళకి మంచి బ్రాండ్ సరుకు వెయ్యరు అని నల్లజాతి షాపు ఓనర్లు ఎన్నో ఏళ్ళుగా అంటూనే ఉన్నారు. ఎంపోరియం కథ ఎక్కడికీ పోలేదండి.

కొన్నిసార్లు అప్పూ అక్కర్లేదు, సరుకూ అక్కర్లేదు, రెండు చేతులుంటే చాలు, జడలు అల్లడం లాగా. దానికీ అడ్డం పడ్డారు. టెక్సాస్‌లో ఐసిస్ బ్రాంట్లీ అని ఒకామె, 1997లో డల్లాస్‌లో లైసెన్స్ లేకుండా జడలు అల్లుతోందని అరెస్ట్ చేశారు. తర్వాత రూల్ కొంచెం మార్చి, అల్లకం నేర్పించే స్కూల్ పెట్టాలంటే మంగలి కాలేజీకి ఉన్న రూల్సే అన్నారు: 2000 చదరపు అడుగుల స్థలం, పది బార్బర్ కుర్చీలు, సింకులు. జడ అల్లేదానికి సింకు దేనికండీ! ఆమె కోర్టుకెళ్ళింది, 2015 జనవరిలో ఫెడరల్ జడ్జి ఆమె పక్షాన తీర్పిచ్చాడు, ఆ ఏడాదే టెక్సాస్‌లో అల్లకానికి లైసెన్స్ అవసరమే తీసేశారు. అరెస్టు నుంచి అక్కడికి 18 ఏళ్ళు. తరతరాలుగా అమ్మలు కూతుళ్ళకి నేర్పే పని కోసం.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడే అట్లాంటాలో ఫియర్‌లెస్ ఫండ్ అని ఉంది, ఏరియన్ సిమోన్ వాళ్ళు 2019లో మొదలుపెట్టారు. ఎందుకు పెట్టారంటే వెంచర్ క్యాపిటల్, అంటే కొత్త కంపెనీల్లో పెట్టే పెట్టుబడి, ఆ డబ్బులో నల్లజాతి ఆడవాళ్ళకి చేరేది ఒక్క శాతం కూడా లేదు. వీళ్ళు నల్లజాతి ఆడవాళ్ళ చిన్న బిజినెస్‌లకి 20,000 డాలర్ల గ్రాంట్ ఇచ్చే పోటీ ఒకటి నడిపారు. 2023 ఆగస్టులో ఎడ్వర్డ్ బ్లమ్ సంస్థ కేసు వేసింది, ఇది జాతి వివక్ష అని. వాడిన చట్టం ఏది? 1866 సివిల్ రైట్స్ చట్టం. బానిసత్వం పోయిన కొత్తలో, విడుదలైన మనుషులు కూడా తెల్లవాళ్ళతో సమానంగా కాంట్రాక్టులు రాసుకోవచ్చు, ఆస్తి కొనుక్కోవచ్చు అని చేసిన చట్టం. ఆ చట్టంతోనే వాళ్ళ మునిమనవరాళ్ళ గ్రాంట్ ఆపారు. 2024 జూన్‌లో ఇక్కడి అప్పీల్ కోర్టు 2-1తో ఆపమంది, సెప్టెంబర్‌లో రాజీ పడి ఆ పోటీ మూసేశారు.

ఈ బ్లమ్ ఎవరంటే కాలేజీ సీట్లకి జాతి చూడొద్దని సుప్రీంకోర్టు తీర్పిచ్చిన హార్వర్డ్ అడ్మిషన్ల కేసు వెనకున్న ఆయనే, ఆ కేసు ఏషియన్ పిల్లల తరఫున అని నడిచింది, మన వాట్సాప్ గ్రూపుల్లో స్వీట్లు పంచుకున్నంత పని చేశారు. ఎవరు ఏ పక్షమో నేను అడగను. కానీ ఆ తీర్పు తర్వాత నెల దాటీ దాటగానే వచ్చిన కేసు ఇది, మన తరఫున అన్నది ఎక్కడిదాకా పోయిందో తెలుసుకుని మాట్లాడాలి. మన ఇళ్ళల్లో ఆ మనుషుల గురించి వాడే మాటలు కూడా నాకు తెలుసు, మీకూ తెలుసు, అందుకే ఇంకా పొడిగించను.

టైం అయిపోతోందని సైగ చేస్తున్నారు, చివరిగా ఒకటి. జడల సెలూన్లు నడిపే నా క్లయింట్లలో పశ్చిమ ఆఫ్రికా, కరీబియన్ నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, బ్యాంక్ లోన్ కాదంటే వాళ్ళు సూసూ వేసుకుంటారు. అచ్చం మన చిట్టీనే, పదిమంది నెలనెలా వేస్తారు, ప్రతినెలా ఒకరికి మొత్తం. కుర్చీలు, హీటర్లు అలాగే కొంటారు. ఇబ్బంది ఏంటంటే ఎన్నేళ్ళు ఠంచనుగా కట్టినా అది క్రెడిట్ స్కోర్‌లో ఎక్కడా కనపడదు, నేను ఎంత నీట్‌గా లెక్కలు రాసినా బ్యాంకు వాడికి అది లేనట్టే. మన చిట్టీ ఎలా నడుస్తుందో ఒకామెకి చెప్పాను, వాళ్ళది వంతుల ప్రకారం, మనది పాట పాడి తగ్గించుకుని ఎత్తుకోవడం కదా. ఆమె రెండుసార్లు అడిగి కన్ఫర్మ్ చేసుకుని, అయితే మీలో అవసరం ఎక్కువున్నవాళ్ళకే తక్కువ డబ్బు చేతికొస్తుందా, మరి వాళ్ళు మీ స్నేహితులు కారా అంది. నేను డివిడెండ్ అదీ ఇదీ అని ఏదో చెప్పాను గానీ ఆమె ఒప్పుకోలేదు. ఈ హాల్లో చిట్టీలు నడిపేవాళ్ళు కనీసం నలుగురున్నారు, నాకు తెలుసు, మైక్ ముందు అటే పంపిస్తున్నాను.