గాలివాటంగా వెళ్లింది, ఎదురెక్కి రాలేదు

సభకు నమస్కారం. శాలువా కప్పిన పెద్దలకు, పొద్దున్నే పెసరట్టు పెట్టిన తమ్ముళ్లకు థాంక్స్. నన్ను పెళ్లి వీడియోల్లో లైటింగు గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు నా డ్రోను సంగతి చెప్పనివ్వండి, మూడేళ్లుగా గొంతులో ఉండిపోయింది.

సఖినేటిపల్లి రేవు. వశిష్ఠ గోదావరికి అవతలి గట్టున నర్సాపురం. మధ్యాహ్నం మూడు దాటింది, సముద్రపు గాలి లేచింది. కొబ్బరి మట్టలన్నీ నర్సాపురం వైపు దువ్వినట్టు వాలిపోయాయి. అది చూసి కూడా ఎగరేశాను. పెళ్లికొడుకు అవతల్నించి పంటు మీద, అదే రేవు దాటించే పడవ మీద, వస్తున్నాడు, పైనుంచి షాట్ కావాలన్నారు. 250 గ్రాములు కూడా లేని బుల్లి డ్రోను. గాలివాటంలో రివ్వున పోయింది. నేనేదో పైలట్‌నైపోయినట్టు పొంగిపోయాను.

ఒక్క లెక్క చెబుతాను, రాసుకోండి. డ్రోను సొంత వేగం సెకనుకు 10 మీటర్లు, గాలి 8 అనుకుందాం. వెళ్లేటప్పుడు 18. అంటే 600 మీటర్లు అరనిమిషం. వచ్చేటప్పుడు మిగిలేది 2. అదే దూరానికి 5 నిమిషాలు!

అందుకే ముందు ఎదురుగాలిలోకి పంపండి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే కష్టపడనివ్వండి, తిరిగొచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. తమ్ముడూ, ఆ ఫోన్ పక్కన పెట్టు, నీకే చెబుతున్నా.

5వ స్థాయి గాలిని తట్టుకుంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. గంటకు 29 నుంచి 38 కిలోమీటర్ల గాలి అది. తట్టుకోవడం అంటే కొట్టుకుపోకుండా నిలబడటం. నిలబడితే మనకేం లాభం? ఇంటికి రావాలి కదా!

నేను టెన్షన్‌లో రిటర్న్ టు హోమ్ నొక్కాను, ఎగిరిన చోటికి దానంతటదే తిరిగొచ్చే బటను. అది ముందు సెట్ చేసిన ఎత్తుకి లేచి, అప్పుడు బయల్దేరుతుంది. నాది 60 మీటర్లు. పైకెళ్లేకొద్దీ గాలి ముదురుతుంది. స్క్రీన్ మీద వేగం 2, 1, 0. ముక్కు వంచుకుని గింజుకుంటోంది, కదలదు. కిందికి దించి, ఎక్కువ వేగంతో పోయే స్పోర్ట్ మోడ్ వేసుంటే వచ్చేదేమో. అందులో అడ్డంకులు చూసే సెన్సర్లు పనిచేయవు, కొబ్బరిచెట్లు మీరే చూసుకోవాలి.

బ్యాటరీ అడుగంటి, దానంతటదే వశిష్ఠ మధ్యలో దిగిపోయింది. పెళ్లివారు నా డబ్బులో కోత కోశారు, అది వేరే కథ.

టైమైపోయిందని చీటీ పంపారు. లైటింగు వచ్చే మీటింగులో చెప్పుకుందాం. ఆ సాయంత్రం పంటు సరంగు నా మొహం చూసి ఏమన్నాడో చెప్పి కూర్చుంటాను: "గాలి అటే తోస్తుంటే అవతలి గట్టునే దింపేయాల్సిందండీ. ఎటూ అటే పోతున్నా కదా, నేనే తెచ్చిపెట్టేవాణ్ణి, ఆయ్."