రేత్ స్క్వాడ్రన్ నవల రివ్యూ: నవ్వించి నవ్వించి గుండె పట్టేసే పైలట్లు

నమస్కారం అండీ. ముందు ఒక విషయం చెప్పేస్తాను. ఈ పుస్తకం నేను కొన్నది కాదు. మన ఛానల్ చూసే ఒక పుస్తకాల షాపు వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, బాగుందని చెప్పమని కూడా అడగలేదు. చదివి నలుగురికీ చెప్పండి అన్నారంతే. నేను చదివాను, నిజంగానే నలుగురి చేత చదివించాను కూడా. మా అక్క, మా పిన్ని కొడుకు, ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి, ఇంకా మా ఎదురింటి అంకుల్. ఈ నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడారు. ఈ రోజు వాళ్ల మాటలు, నా మాట కలిపి చెబుతాను.

పుస్తకం పేరు రేత్ స్క్వాడ్రన్. రాసింది ఆరన్ ఆల్‌స్టన్. 1998లో వచ్చింది, దాదాపు 400 పేజీలు. స్టార్ వార్స్ అనే అంతరిక్ష యుద్ధాల సినిమాల ప్రపంచంలో ఎక్స్-వింగ్ అనే నవలల సిరీస్ ఉంది కదా, అందులో ఐదోది. మొదటి నాలుగు పుస్తకాలు మైఖేల్ స్టాక్‌పోల్ రాశారు, ఐదో దానితో ఆల్‌స్టన్ అందుకున్నారు. కథ మొత్తం, పాత్రల జాబితా ఎక్కడైనా దొరుకుతాయి, మీలో చాలామంది ఈపాటికి చూసేసి ఉంటారు. వాటి మీద టైమ్ పెట్టను. స్పాయిలర్లు మాత్రం ఉన్నాయి. ఒక పాత్ర చావు గురించి మాట్లాడకుండా ఈ నవల గురించి మాట్లాడటం నా వల్ల కాదు. చదవాలనుకునేవాళ్లు వీడియో ఇక్కడ ఆపి, చదివాక రండి.

ఈ సిరీస్‌లో మొదటి పుస్తకం రివ్యూ చేసినప్పుడు నేను కొంచెం పొడిగా మాట్లాడాను, గుర్తుందా? ఆ 1996 నవలలో అందరూ ఆరితేరిన పైలట్లు. విమానం ఎక్కితే గెలుస్తారు. యుద్ధాలు బాగున్నాయి కానీ ఒక్కరి కోసం కూడా నాకు టెన్షన్ పుట్టలేదు. ఇక్కడ ఆ లెక్కే మారిపోయింది. సినిమాల్లో ఒక పక్కన ఉండే వెడ్జ్ యాంటిలీస్ అనే పైలట్ ఇందులో కమాండర్. అతను తన కొత్త స్క్వాడ్రన్‌ను ఎవరితో కడతాడంటే, వేరే చోట్ల వద్దని తోసేసినవాళ్లతో. క్రమశిక్షణ లేదని, భయపడ్డారని, గొడవలు పెట్టుకున్నారని పేరు పడి, ఇంకో తప్పు చేస్తే ఇంటికే అనే స్థితిలో ఉన్నవాళ్లు. పైగా తన పై అధికారి అడ్మిరల్ ఆక్‌బర్‌తో పందెం. మూడు నెలల్లో ఈ స్క్వాడ్రన్ పనికొస్తుందని నిరూపించాలి. లేకపోతే వెడ్జ్ ఇన్నాళ్లూ తప్పించుకు తిరుగుతున్న జనరల్ పదవి తీసుకుని, విమానం దిగి ఆఫీసులో కూర్చోవాలి. ప్రమోషన్‌ను శిక్షగా పెట్టడం నాకు చాలా నచ్చింది. ఎగరడం తప్ప ఇంకేమీ వద్దనుకునే మనిషి ఎలా ఉంటాడో ఆ ఒక్క పందెంతో అర్థమైపోతుంది.

ఇప్పుడు హాస్యం సంగతి. అందరూ దీన్ని కామెడీ నవల అంటారు కాబట్టి దాని గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

అందరికీ గుర్తుండిపోయే జోక్ ఈవాక్ పైలట్ జోక్. ఈవాక్‌లంటే అడవిలో ఉండే బొచ్చు ఎలుగుబంటి పిల్లల్లాంటి వాళ్లు. కొత్త పైలట్లను ఎంపిక చేసే పనిలో ఉండగా వెస్ జాన్సన్ అనే పాత స్నేహితుడు వెడ్జ్‌ను ఆటపట్టిస్తాడు. కెచ్ అని ఒక ఈవాక్ పైలట్ ఉన్నాడని నమ్మిస్తాడు. తీరా చూస్తే అది బొమ్మ. అక్కడితో అయిపోయే జోక్ అది. ఆల్‌స్టన్ అక్కడ ఆపలేదు. తర్వాతి పుస్తకాల్లో ఇదే కెచ్ పేరు చెప్పి శత్రువును బురిడీ కొట్టిస్తారట. చివరికి వెడ్జే కెచ్‌లా నటిస్తూ ఎగరాల్సి వస్తుందట. ఏ జోక్‌కు తను బలయ్యాడో అదే జోక్ లోపల కూర్చోవాలి ఆయన. మా పిన్ని కొడుకు ఈ భాగం గురించి చెబుతూ చెబుతూ నవ్వు ఆపుకోలేక ఫోన్ పెట్టేశాడు. నాక్కూడా అంతే అయింది.

మా అక్కకు బాగా నచ్చింది ఇంకొకటి. ఫేస్ లోరాన్ అనే కుర్రాడు చిన్నప్పుడు శత్రువులైన సామ్రాజ్యం తరఫున ప్రచార సినిమాల్లో నటించిన బాలనటుడు. తన సినిమాలు చూసి ఎందరు సైన్యంలో చేరారో అనే బాధ లోపల మోస్తుంటాడు. ఈ స్క్వాడ్రన్ వాళ్లు నైట్ కాలర్ అనే శత్రు ఓడను పట్టుకుని, తామే దాని సిబ్బందిలాగా తిరుగుతారు. ఓడ కెప్టెన్‌గా ఫేస్ నటించాలి. ఆ కెప్టెన్ తన మీద తనకున్న మోజుతో తన రికార్డింగులన్నీ దాచుకున్నాడు. ఫేస్ అవన్నీ కూర్చుని చూసి, ఆ నడక, ఆ డాబు అన్నీ వంటబట్టించుకుంటాడు. తర్వాత శత్రు అడ్మిరల్ ట్రిగిట్ హోలోగ్రామ్‌లో ప్రత్యక్షమైతే ముఖాముఖి మాట్లాడాలి. ఒక్క మాట తేడా వస్తే అందరూ చస్తారు. నేరెళ్ళ వేణుమాధవ్ గారి మిమిక్రీ వింటూ పెరిగినవాళ్లకు ఈ సీన్ ఇంకా బాగా ఎక్కుతుంది. గొంతు ఒక్కటి పట్టుకుంటే చాలదు కదా. ఆ మనిషి ఎక్కడ ఆగుతాడు, ఎదుటివాడి మాటకు ఎంతసేపటికి బదులిస్తాడు, ఇవన్నీ పట్టుకోవాలి. ఆ పేజీల్లో నవ్వు వస్తూనే ఉంటుంది, అరచేతులు చెమట పడుతూనే ఉంటాయి.

ఇక ఆఫీసు అమ్మాయి మాట. ఆమెకు పుస్తకం నచ్చలేదు. రెండు కారణాలు చెప్పింది. మొదటిది పేర్లు. మొదటి వంద పేజీల్లో డజను మంది కొత్తవాళ్లు వచ్చి పడతారు. ఒక్కొక్కరికీ ఒక పేరు, ఇంకో ముద్దుపేరు, రేడియోలో పిలిచే నంబరు వేరే. ఈ చిరాకు నాకూ ఉంది, కోపం కూడా వచ్చింది. యుద్ధం మధ్యలో ఫైవ్ అంటే ఎవరు, ఎయిట్ అంటే ఎవరు అని వెనక్కి తిప్పి చూసుకోవాలా? నేను చివరికి బుక్‌మార్క్‌గా పెట్టుకున్న కాగితం మీదే పేర్లన్నీ రాసుకున్నాను. ఇదిగో, కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను చూడండి. కెల్, భయం ఎక్కువ, బాంబుల పని వచ్చు. పిగ్గీ, లెక్కలు. జెస్మిన్, రేడియో. ఫానన్, డాక్టర్, మందు పడదు. మందు పడదు అంటే, ఆ ప్రపంచంలో ఏ గాయాన్నైనా మాన్పే బాక్టా అనే మందు ఆ డాక్టర్ ఒంటికే సరిపడదు. మీరు చదివితే ఇలాంటి కాగితం ఒకటి పెట్టుకోండి, చాలా హాయి.

ఆమె చెప్పిన రెండో కారణం, అందరూ ఒకేలా జోకులేస్తారు అని. దీని మీద మేమిద్దరం లంచ్ టైమంతా వాదించుకున్నాం. కొంతవరకు ఆమె మాట నిజం. ఫేస్, ఫానన్ ఇద్దరూ మాట్లాడుకునేటప్పుడు పేర్లు మూసేస్తే ఏ మాట ఎవరిదో కొన్నిచోట్ల నేనూ చెప్పలేను. కానీ అందరూ అలా లేరు. రంట్ అని ఒకడున్నాడు. అతని మనసులో చాలామంది ఉంటారు, అందులో ఒకడు పైలట్. అందుకని ‘నేను’ అనడు, ఎప్పుడూ బహువచనమే. ఇంగ్లీషులో అది ‘వి’ (we) అనే ఒకే మాట. నేను మాత్రం చదువుతూ మనసులో ‘మేము’ అనుకున్నాను. పోను పోను కెల్‌తో కలిసి ఎగిరే చోట్ల నాకు తెలియకుండానే అది ‘మనం’ అయిపోయింది. ఎక్కడ మారిందో వెతికాను, దొరకలేదు. మన భాషలో మేము వేరు, మనం వేరు కాబట్టి నాకు ఈ ఆనందం దక్కింది. ఇంగ్లీషులోనే చదివి ఇంగ్లీషులోనే ఆలోచించేవాళ్లకు ఇది ఉండదేమో.

ఒకరికి ఒక విద్య, ఒక లోపం ఉండేలా ఈ మనుషుల్ని ఇంత చక్కగా ఎలా పేర్చాడా అని చూస్తే, ఆల్‌స్టన్ నవలలతో పాటు ఆటలు కూడా రాసిన మనిషి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు 1991లో వచ్చిన రూల్స్ సైక్లోపీడియా అనే నియమాల పుస్తకం ఆయన చేతి మీదుగా వచ్చిందే. టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే ఆటలో నీకు చేతకానిది పక్కవాడికి వచ్చి ఉండాలి. అప్పుడే ఆట సాగుతుంది. ఈ నవలలోనూ ఏ పనీ ఒక్కరి వల్ల పూర్తి కాదు.

ఇప్పుడు ఎదురింటి అంకుల్. మా ఇల్లు అల్వాల్ వైపు. హకీంపేటలో ట్రైనింగ్ విమానాలు ఎగిరితే మా డాబా మీద నుంచి కనిపిస్తాయి, వినిపిస్తాయి. అంకుల్ ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. స్టార్ వార్స్ అంటే ఏంటో ఆయనకు తెలియదు. పైలట్ల కథ అంటే తీసుకున్నారు. రోజుకు పది పేజీల చొప్పున, స్కేలు పెట్టుకుని వరుస వరుసా చదివారు.

ఆయనకు కెల్ టేనర్ నచ్చాడు. కెల్ ముందు మెకానిక్, ఆ తర్వాత పైలట్. అంకుల్ కంప్లైంట్ ఒకటే. ఈ పుస్తకంలో పైలట్లు దిగగానే జోకులేసుకుంటూ వెళ్లిపోతారు, విమానంలో ఏం తేడా కనిపించిందో ఎవరూ రాసినట్టు కనిపించదు అన్నారు. వాళ్ల దగ్గర ఫారం 700 అని ఉంటుందట. ఎగిరే ముందు టెక్నీషియన్ సంతకం, దాని కింద పైలట్ సంతకం. వచ్చాక మళ్లీ రాయాలి. నా సంతకం మీద ఒక కుర్రాడు గాల్లోకి పోతున్నాడు, వాడు తిరిగొచ్చి సంతకం పెట్టేదాకా నా టీ చల్లారిపోయేది అన్నారు. ఆ మాట అన్నాక కాసేపు ఆయనేమీ మాట్లాడలేదు.

అప్పుడు నేను జెస్మిన్ సీన్ గురించి అడిగాను. చదివారా అని. తల ఊపారు.

జెస్మిన్ అడ్మిరల్ ఆక్‌బర్‌కు మేనకోడలు. రేడియోలో శత్రువుల మాటలు పట్టడంలో దిట్ట. ఒక పోరాటంలో ఆమె విమానం దెబ్బ తిని, అదుపు లేకుండా నేల వైపు దూసుకుపోతుంటుంది. కెల్ వెంటపడతాడు. తన విమానంతో ఆమె విమానాన్ని తాకించి దారి మళ్లించాలని చూస్తాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. పక్కపక్కనే ఎగురుతుంటారు, అంత దగ్గర. కుదరదు. చివరి క్షణంలో కెల్ తను బతకడానికి పైకి లేవాలి, ఆమెను వదిలేసి. ఆ రెండు మూడు పేజీల్లో ఒక్క జోక్ లేదు. అప్పటిదాకా ప్రతి పేజీలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉన్నారు కదా. ఆ నిశ్శబ్దం చెవులకు వినపడుతుంది. నేను పుస్తకం మూసి బయటికి వెళ్లిపోయాను. డాబా మీద పది నిమిషాలు నిలబడ్డాను.

దీని కోసమే నేను ఈ వీడియో చేస్తున్నాను. ఇందులో హాస్యం పైన చల్లింది కాదు. ఈ తోసేసిన మనుషులు ఒకరినొకరు నమ్మడం మొదలుపెట్టింది జోకులతోనే. భయం గురించి నేరుగా చెప్పుకోలేక ఆటపట్టించుకుంటారు. మిన్ డోనోస్ అని ఇంకొకడున్నాడు. అతని పాత స్క్వాడ్రన్‌లో పన్నెండు మందీ ఉచ్చులో పడితే అతనొక్కడే బతికి బయటపడ్డాడు. అతను నవ్వడు. తన విమానంలోని రోబోతో తప్ప మనసు విప్పి మాట్లాడడు. ఆ రోబో కూడా పోయినప్పుడు మనిషి రాయిలా అయిపోతాడు. నవ్వేవాళ్ల మధ్య నవ్వలేనివాడిని కూర్చోబెట్టి, వాడిని మళ్లీ మనుషుల్లోకి తెచ్చుకోవడానికి మిగతావాళ్లు పడే పాట్లు చూపించాడు చూడండి, అందుకే నాకు ఈ రచయిత మీద ఇంత గౌరవం.

కొందరు మనవాళ్లు అడుగుతుంటారు, ఇది ఇప్పుడు అసలు స్టార్ వార్స్ కథలో భాగమేనా అని. 2014 ఏప్రిల్‌లో స్టార్ వార్స్ సినిమాలు తీసే లూకాస్‌ఫిల్మ్ సంస్థ పాత నవలలన్నిటినీ లెజెండ్స్ అనే పేరు కింద పెట్టేసింది, కొత్త సినిమాల కథకు వీటితో సంబంధం లేదు. నాకు దానితో పని లేదు. జెస్మిన్ పడిపోయినప్పుడు నా కళ్లలో నీళ్లు వచ్చాయి, అవి లెజెండ్ నీళ్లు కావు కదా. ఆల్‌స్టన్ ఆ ప్రకటనకు రెండు నెలల ముందే, 2014 ఫిబ్రవరిలో, అభిమానుల సభ కోసం మిస్సోరీ వెళ్లి అక్కడే పోయారు. 53 ఏళ్లు. ఈ పుస్తకం చేతిలో ఉన్నన్నాళ్లూ ఆ సంగతి నాకు గుర్తొస్తూనే ఉంది.

కొనొచ్చా అంటే, కొనండి. అచ్చు చిన్నది, కళ్లజోడు ఉన్నవాళ్లు పగలు చదవండి. విలన్లు కాస్త నాటకం మనుషులు, చివరి యుద్ధం కొంచెం సాగింది, పేర్ల గొడవ చెప్పాను. ఇవన్నీ ఉన్నాయి, అయినా ఈ ఏడాది నేను చదివినవాటిలో నాకు ఇదే ఇష్టం. మొదటి నాలుగు చదవకుండా నేరుగా ఇదే మొదలుపెట్టినా అర్థమవుతుంది, అంకుల్ అలాగే చదివారు.

దీని తర్వాతిది ఐరన్ ఫిస్ట్. షాపు వాళ్లు పంపింది ఈ ఒక్కటే, రెండోది నేను డబ్బులిచ్చి తెప్పించుకున్నాను. నిన్న సాయంత్రం పార్సిల్ వచ్చింది. నేను కవర్ చింపేలోపే అంకుల్ గేటు దగ్గరికి వచ్చి, ముందు నాకివ్వమ్మా, ఆ మందు పడని డాక్టర్ సంగతి ఏమైందో చూడాలి అన్నారు. ఇచ్చేశాను. రోజుకు పది పేజీలు కాబట్టి ఆ రివ్యూకు ఇంకో నెలన్నర ఆగాలి మీరు.