తేదీ తప్పిన కప్పులు

అందరికీ నమస్కారం. ముందు ఈ కప్పు చూడండి. బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ బొమ్మ, పైన కిరీటం, కింద పట్టాభిషేకం తేదీ 1937 మే 12. ఆయనకి ఆ పట్టాభిషేకం జరగనే లేదు. 1936 డిసెంబర్‌లో సింహాసనం వదులుకున్నాడు, అప్పటికే స్టాఫర్డ్‌షైర్ ఫ్యాక్టరీల్లో ఆయన పేరుతో కప్పులు కుప్పలుగా తయారైపోయాయి. నాకు దీన్ని అమ్మినాయన "జరగని పట్టాభిషేకం కదండీ, దొరకడం చాలా కష్టం" అన్నాడు, నేను నమ్మి ఎక్కువే ఇచ్చాను. అది నిజం కాదు, ఇవి బోలెడు దొరుకుతాయి, మీరెవరూ ఆ మాట విని డబ్బు పెట్టకండి. అయినా ఈ కప్పంటే నాకు ప్రాణం. ఏం జరగబోతోందని ఆ రోజు జనం అనుకున్నారో అది దీని మీద అలాగే ఉండిపోయింది.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇంగ్లండ్ వెడ్జ్‌వుడ్ కంపెనీ పింగాణీ మీలో చాలామంది చూసే ఉంటారు. అది గొప్పింటి సామాను. నేను చెప్పేవి చాలావరకు మామూలు ఇళ్ళలో అలమరా మీద పెట్టుకున్నవి.

రాజుల బొమ్మలు ఇలా సామాను మీద వేసే అలవాటు పాతదే. 1660లో రెండో చార్లెస్ ప్రవాసం నుంచి ఇంగ్లండ్‌కి తిరిగొచ్చి రాజయ్యాక లండన్ కుమ్మరులు పెద్ద పళ్ళేల మీద ఆయన బొమ్మ వేశారు. మట్టి పళ్ళెం మీద తగరం కలిపిన తెల్లటి పూత, కాల్చకముందు అది పొడిపొడిగా ఉంటుంది, కుంచె తగలగానే రంగు పీల్చేసుకుంటుంది, చెరిపి మళ్ళీ వేసే అవకాశమే లేదు. అందుకే ఆ గీతల్లో అంత వేగం. అంచు చుట్టూ నీలం గీతలు టకటకా వేసేసేవాళ్ళు. రాజుల ముఖాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి, పక్కన రాసిన అక్షరాలు చూస్తేనే చార్లెసా, విలియమా అని తెలుస్తుంది. ఆ చిత్రకారుడు రాజుని కళ్ళతో చూసి ఉండడని నాకు అనిపిస్తుంది.

తర్వాత 1750లలో రాగిరేకు మీద చెక్కి, పల్చటి కాగితం మీద అచ్చు తీసి, దాన్ని పింగాణీకి అంటించే పద్ధతి వచ్చింది. దాంతో ఒకే బొమ్మ వందల కొద్దీ తీయొచ్చు, ధర తగ్గింది.

ఇవన్నీ రాజభక్తి వస్తువులే అనుకుంటే పొరపాటు. 1820లో నాలుగో జార్జ్ తన భార్య కరోలైన్‌ని వదిలించుకోవడానికి పార్లమెంటులో బిల్లు పెట్టించాడు. జనం ఆమె వైపు నిలబడ్డారు, ఆమెకి జై కొట్టే జగ్గులు, పళ్ళేలు బజారుకొచ్చాయి. బిల్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 1821 జులై 19న భర్త పట్టాభిషేకానికి వెళ్తే వెస్ట్‌మినిస్టర్ అబీ తలుపులు ఆమె ముఖం మీదే వేశారు, మూడు వారాలు తిరక్కుండానే ఆమె చనిపోయింది. ఆ జగ్గు ఇంట్లో పెట్టుకోవడమంటే రాజుకి ఎదురు చెప్పడమే కదా! నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవే.

తేదీల గొడవ 1902లో కూడా ఉంది. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం జూన్ 26 అని అచ్చు వేసేశారు, జూన్ 24న ఆయనకి కడుపు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, చివరికి ఆగస్టు 9న జరిగింది. ఆగస్టు తేదీ ఉన్నవి తక్కువ, కాబట్టి కొనేటప్పుడు కిరీటం వదిలేసి తేదీ చూడండి.

1937కే మళ్ళీ వస్తాను. ఎడ్వర్డ్ కోసం పెట్టిన ఆ మే 12నే తమ్ముడు ఆరో జార్జ్‌కి కిరీటం పెట్టారు. ఎరిక్ రావిలియస్ అనే చిత్రకారుడు వెడ్జ్‌వుడ్ కోసం బాణసంచా వెలుగులతో వేసిన మగ్గు డిజైన్‌లో ఒక రాజు అక్షరాలు తీసి ఇంకో రాజువి పెట్టారు. 1942లో యుద్ధకాలంలో ఐస్‌లాండ్ దగ్గర రావిలియస్ ఎక్కిన విమానం తిరిగి రాలేదు. 1953లో ఎలిజబెత్ పట్టాభిషేకానికి అదే బాణసంచా మళ్ళీ అచ్చు వేశారు. ఫొటో పెద్దది చేసి చూపిస్తున్నాను, ఆకాశంలో ఆ చుక్కలు చూడండి.

నా కప్పులు బల్ల మీదే ఉంచుతాను, దగ్గరికొచ్చి చూడండి. పిడి పట్టుకుని లేపకండి, పాత పిడి ఎప్పుడు ఊడుతుందో తెలియదు, రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకోండి.